రూటర్ పాస్‌వర్డ్ మర్చిపోయారా? ఆ పిన్ను కాసేపు పక్కన పెట్టండి మాస్టారూ

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మాది తణుకు దగ్గర పల్లెటూరు. కొన్నేళ్ల కిందట మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇంట్లో వైఫై పెట్టించాడు. కేబుల్ ఆయన ఇచ్చిన చిన్న డబ్బా ఒకటి, మావాడు కొన్న కొమ్ముల రూటర్ ఒకటి, రెండూ టీవీ వెనకాల గోడకి ఉన్నాయి. ఈమధ్య నా ఫోన్ నీళ్లలో పడి పాడైపోయింది. కొత్త ఫోన్ వైఫై పాస్‌వర్డ్ అడుగుతోంది. డల్లాస్‌లో ఉన్న అబ్బాయిని అడిగితే గుర్తులేదంటున్నాడు. మా ఆవిడ ఫోన్‌కీ, గేటు కెమెరాకీ మాత్రం నెట్ వస్తూనే ఉంది. ఇంకో సంగతి. మేడ మీద అద్దెకున్న కుర్రాళ్లకి అప్పట్లో మేమే పాస్‌వర్డ్ చెప్పాం. వాళ్లు ఖాళీ చేసి పక్కింట్లో దిగారు. ఇంకా మా నెట్టే వాడుతున్నారని నా అనుమానం. పాస్‌వర్డ్ మారుద్దామని 192.168.1.1 కొట్టి అడ్మిన్, అడ్మిన్ అని పెడితే తప్పు అంటోంది. మనవడేమో వెనకాల బెజ్జంలో పిన్ను పెట్టి నొక్కేయమంటున్నాడు. కేబుల్ ఆయన 'నొక్కితే నాకు సంబంధం లేదు, నేనొచ్చి చేస్తే ఐదు వందలు' అంటున్నాడు. గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఏదో యాప్ వేసుకోమన్నారు. భయమేసి పెట్టేశాను. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా)

జవాబు: మాస్టారూ, ముందు మీ ఉత్తరంలోని చివరి సంగతి. ఆ ఫోన్ పెట్టేసి మంచి పని చేశారు. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే కనపడే నంబర్లలో దొంగ నంబర్లు బోలెడు. వాళ్లు వేసుకోమనేది మన ఫోన్ తెరని వాళ్లకి చూపించే యాప్. ఆ తర్వాత 'పది రూపాయలు కట్టి కంప్లైంట్ రిజిస్టర్ చేసుకోండి' అంటారు. ఇక మీ ఫోన్‌కి వచ్చే ఓటీపీలన్నీ అక్కడ కూర్చుని చదువుకుంటారు. ఆ యాప్ ఒకవేళ సగంలో డౌన్‌లోడ్ అయి ఉంటే ఇప్పుడే తీసేయండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మీ కనెక్షన్ వాళ్ల అసలు నంబరు బిల్లు మీద ఉంటుంది, లేదంటే ఆ కంపెనీ సొంత యాప్‌లో ఉంటుంది. నంబరు కోసం గూగుల్ దాకా వెళ్లక్కర్లేదు.

ఇక పిన్ను సంగతి. మనవడు చెప్పింది తప్పేం కాదు. కాకపోతే అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. ముందే నొక్కేస్తే ఇప్పుడు పనిచేస్తున్న అమ్మగారి ఫోన్, గేటు కెమెరా కూడా ఆగిపోతాయి. అసలు నొక్కే అవసరమే రాకపోవచ్చు.

మీ ఇంట్లో తెలియకుండా పోయిన పాస్‌వర్డ్‌లు రెండు. ఫోన్‌ని వైఫైకి కలపడానికి కావాల్సింది ఒకటి. రూటర్ లోపలి సెట్టింగ్స్ పేజీ తెరవడానికి కావాల్సింది ఇంకొకటి, దాన్నే అడ్మిన్ పాస్‌వర్డ్ అంటాం. మీ కొత్త ఫోన్‌కి మొదటిది చాలు. పక్కింటి కుర్రాళ్ల సంగతి తేలాలంటే రెండోది ఉండాలి. ఇవి కాక మూడోది కూడా ఉంది. కేబుల్ ఆయన దగ్గర మీ కనెక్షన్ పేరున ఉండే యూజర్ ఐడీ, దాని పాస్‌వర్డ్. పీపీపీఓఈ అంటారు. ఇది పెట్టించిన రోజు ఒక్కసారి రూటర్‌లో ఎక్కిస్తారు, తర్వాత అందరూ మర్చిపోతారు. బెజ్జంలో పిన్ను పెట్టగానే మొదట చెరిగిపోయేది ఇదే. రీసెట్ చేశాక వైఫై వస్తుంది కానీ నెట్ రాదు, మన టెన్షన్ అక్కడ మొదలవుతుంది. కేబుల్ ఆయన 'నాకు సంబంధం లేదు' అన్నది కూడా ఇందుకే.

మొదటి పాస్‌వర్డ్ అమ్మగారి ఫోన్‌లో ఉంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచీ ఈ సదుపాయం ఉంది. ఆ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి వైఫైలోకి వెళ్లి, కలిసి ఉన్న మీ వైఫై పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కండి. షేర్ అని కనపడుతుంది. నొక్కితే వేలిముద్రో, ఫోన్ తాళం నంబరో అడిగి ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. మీ కొత్త ఫోన్ కెమెరా దాని మీద పెడితే అరనిమిషంలో కలిసిపోతుంది. ఒక్క అక్షరం కూడా టైప్ చేయక్కర్లేదు. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కూడా కనపడుతుంది. కనపడకపోతే ఇంకో ఫోన్‌లో గూగుల్ లెన్స్ తెరిచి ఆ కోడ్‌ని చూపించండి, పాస్‌వర్డ్ కాపీ చేసుకునే వీలు సాధారణంగా అక్కడ వస్తుంది. అమ్మగారిది ఐఫోన్ అయితే ఇంకా తేలిక. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచీ వైఫై పేరు పక్కనున్న ఐ గుర్తు నొక్కి, పాస్‌వర్డ్ అన్న చోట ముట్టుకుంటే, ముఖం చూసుకునో వేలిముద్ర తీసుకునో చూపించేస్తుంది.

కనపడ్డాక దాన్ని కాగితం మీద రాసుకోండి. రాసేటప్పుడు కొంచెం ఓపిక కావాలి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉంటుంది. సున్నా, ఇంగ్లిష్ ఓ ఒకేలా కనపడతాయి. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ ఈ మూడూ మరీ మోసం. రేపు టీవీ రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేటప్పుడు ఇది తప్పు పడితే గంట పోతుంది. సున్నాకి అడ్డగీత పెట్టి రాసుకోవడం మంచి అలవాటు.

ఇంట్లో ఆ వైఫైకి కలిసిన లాప్‌టాప్ ఉంటే అది కూడా చెబుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్ అలా లోపలికి వెళ్లి మీ వైఫై పేరు నొక్కితే, వ్యూ వైఫై సెక్యూరిటీ కీ అని ఉంటుంది. చదివే వాళ్లలో ఇంట్లో ఒక్క పరికరం కూడా కలిసిలేని వారుంటే రూటర్ అడుగున అంటించిన స్టిక్కర్ చూడండి. అప్పట్లో ఎవరూ మార్చకపోతే దాని మీదున్నదే ఇప్పటికీ పనిచేస్తుంది. వైఫై హ్యాక్ చేస్తామని చెప్పే యాప్‌ల జోలికి మాత్రం పోకండి. వాటిలో ఉండేవి ఎక్కువగా ప్రకటనలే. పైగా ఇతరుల నెట్‌వర్క్‌లోకి చొరబడటం ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

కొత్త ఫోన్ సమస్య ఇక్కడితో తీరిపోయింది. ఇక రెండోది.

మీరు 192.168.1.1 కొట్టి అడ్మిన్, అడ్మిన్ పెట్టారు కదా. మీరు తలుపు తట్టిన ఇల్లు అసలు మీ రూటర్‌దేనా అన్నది నా మొదటి అనుమానం. గోడకి రెండు డబ్బాలున్నాయన్నారు. సన్నటి పసుపు తీగ, అంటే ఫైబర్, వచ్చి దూరేది కేబుల్ ఆయన డబ్బాలోకి. దాన్ని ఓఎన్‌టీ అంటారు. అక్కడి నుంచి మామూలు నెట్ వైరు మీ అబ్బాయి కొన్న రూటర్‌కి వెళ్తుంది. ఈ రెండింటికీ విడివిడిగా సెట్టింగ్స్ పేజీలు, విడివిడిగా పాస్‌వర్డ్‌లు ఉంటాయి. చాలా ఇళ్లలో 192.168.1.1 అనేది ఓఎన్‌టీ చిరునామా అవుతుంది, కొన్న రూటర్ది 192.168.0.1 అవుతుంది. జియో వాళ్ల డబ్బాకి 192.168.29.1, షావోమీ రూటర్లకి 192.168.31.1, ఇలా కంపెనీకొకటి. కాబట్టి ఊహించకండి. మీ ఫోన్ వైఫైకి కలిసింది కాబట్టి దాన్నే అడగండి. వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి వివరాల్లో కిందకి వెళ్తే గేట్‌వే అని ఒక నంబరు ఉంటుంది. ఐఫోన్‌లో అయితే రూటర్ అనే ఉంటుంది. ఫోన్ ఏ డబ్బాకి కలిసిందో దాని చిరునామా అది.

ఆ నంబర్ని గూగుల్ వెతికే పెట్టెలో కాకుండా బ్రౌజర్ పైనున్న అడ్రస్ పట్టీలో కొట్టాలి. ఒకటి అంకె బదులు ఎల్ అక్షరం పడితే పేజీ రాదు. ఆ కాసేపు మొబైల్ డేటా కూడా ఆపేయండి, లేకపోతే ఫోన్ రూటర్ని వదిలేసి బయటికి పోయి వెతుకుతుంది. 'ఈ సైట్ సురక్షితం కాదు' అని బెదిరిస్తే కంగారు పడకండి, ఇంట్లో డబ్బాతోనే మాట్లాడుతున్నారు. పేజీ తెరుచుకున్నాక పైన ఏ కంపెనీ పేరుందో చూడండి. రూటర్ మీదున్న పేరే పేజీ మీదా ఉంటే సరైన చోటికి వచ్చినట్టు.

అక్కడ కూడా అడ్మిన్, అడ్మిన్ పనిచేయకపోవచ్చు. దానికి సంతోషించండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా కెమెరాల్లోకీ రూటర్లలోకీ దూరింది ఈ దారినే. కంపెనీలు పెట్టి పంపిన అరవై చిల్లర పేర్లు, పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి పెట్టుకుని వరసగా కొట్టి చూసింది. అడ్మిన్, అడ్మిన్ కూడా అందులో ఉంది. అలా చేతికి చిక్కిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే కంపెనీ (సైట్ పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టే సేవ నడిపేది) మీద దాడి చేస్తే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు తెరుచుకోలేదు. తర్వాత కాలిఫోర్నియా 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదని చట్టాలు తెచ్చాయి. ఇప్పుడొచ్చే చాలా రూటర్లు మొదటిసారి తెరవగానే సొంత అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి. అంటే మీ అబ్బాయి అప్పుడేదో ఒకటి పెట్టే ఉంటాడు.

అదేంటో చూద్దాం. అమ్మగారి ఫోన్‌లో దొరికిన వైఫై పాస్‌వర్డ్‌నే ముందు ఇక్కడ కొట్టి చూడండి. హడావుడిలో పెట్టేవాళ్లు రెండు చోట్లా ఒకటే పెట్టేస్తుంటారు. స్టిక్కర్ మీదున్నది కూడా ఒకసారి ప్రయత్నించండి. అంతకు మించి వరసగా తప్పులు కొడుతూ పోకండి, చాలా రూటర్లు కాసేపు తలుపు మూసేసుకుంటాయి.

ఇది కుదరకపోతే డల్లాస్‌కి ఫోన్ చేయండి. అయితే 'గుర్తుందా' అని అడగొద్దు, అతనికి నిజంగానే గుర్తుండదు. 'నీ క్రోమ్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లలో 192.168 అని వెతుకు' అనండి. అప్పట్లో మీ ఇంట్లో కూర్చుని తన లాప్‌టాప్‌లో రూటర్ పేజీ తెరిచినప్పుడు 'సేవ్ చేయాలా' అని క్రోమ్ అడిగి ఉంటుంది, అతను సరే నొక్కి ఉంటాడు. లాప్‌టాప్ మారినా అది గూగుల్ ఖాతాలోనే ఉండిపోతుంది. ఐఫోన్, మ్యాక్ వాడేవాళ్లయితే ఆపిల్ పాస్‌వర్డ్‌లలో చూసుకోవాలి. పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్నలు ఊళ్లో ఉన్న ఇళ్లలో ఈ ఒక్క దారిలో పని అయిపోవడం మామూలే. ఇంకోటి, రూటర్ టీపీ లింక్ లాంటి కంపెనీది అయి, దాని యాప్ మీ అబ్బాయి ఫోన్‌లో ఇంకా ఉంటే, కొన్ని మోడళ్లలో అక్కడి నుంచే మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చేయగలడు. మీకు ఉదయం ఏడున్నర అయితే అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. అతను భోజనం చేసి కూర్చునే వేళ చూసి వీడియో కాల్ చేయండి.

కంపెనీ ఇచ్చిన డబ్బా నుంచే వైఫై వచ్చే ఇళ్లలో ఇంత తతంగం ఉండదు. జియో, ఎయిర్‌టెల్ వాళ్లు తమ సొంత యాప్‌లలోనే వైఫై పాస్‌వర్డ్ మార్చుకోనిస్తారు. కనెక్షన్‌కి ఇచ్చిన మొబైల్ నంబరుతో లోపలికి వెళ్తే చాలు.

అడ్మిన్ పేజీ తెరుచుకుందనుకోండి. వెంటనే పాస్‌వర్డ్ మార్చేయకుండా ముందు రెండు పనులు చేయండి. వ్యాన్ (బయటి నుంచి నెట్ వచ్చే లైను) లేదా ఇంటర్నెట్ అన్న పేజీలో కనెక్షన్ రకం ఏముందో ఫోటో తీసుకోండి. అక్కడ పీపీపీఓఈ అని ఉంటే దాని యూజర్ పేరు కూడా కనపడుతుంది. పాస్‌వర్డ్ మాత్రం చుక్కలుగా ఉంటుంది. డైనమిక్ ఐపీ అని ఉంటే, అంటే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అడగకుండానే రూటర్‌కి నెట్ అందే పద్ధతి అయితే, మీకు ఆ బాధే లేదు. తర్వాత, సిస్టమ్ టూల్స్‌లో బ్యాకప్ అని ఉంటే సెట్టింగ్స్ ఫైల్ ఒకటి దించి పెట్టుకోండి. రేపెప్పుడైనా రీసెట్ చేయాల్సి వస్తే అదే మోడల్ రూటర్‌లో ఆ ఫైల్ ఎక్కిస్తే అన్నీ తిరిగి వస్తాయి. ఇవి అయ్యాక వైర్‌లెస్ పేజీకి వెళ్లి కొత్త వైఫై పాస్‌వర్డ్ పెట్టండి. కొన్ని రూటర్లలో 2.4 అని ఒకటి, 5 అని ఒకటి రెండు వైఫైలుంటాయి, రెండింటిలోనూ మార్చాలి. ఒకదాన్ని మర్చిపోతే పక్కింటి కుర్రాళ్లు దాంట్లో హాయిగా ఉంటారు.

ఏదీ కుదరకపోతే అప్పుడు పిన్ను తీయండి. కానీ ఏ డబ్బాలో పెడుతున్నారో నాలుగుసార్లు చూసుకోండి. పసుపు తీగ వెళ్లే డబ్బా జోలికి వెళ్లొద్దు. అందులో కేబుల్ ఆయన, ఆ పైన కంపెనీ పెట్టిన వివరాలుంటాయి. అవి చెరిగిపోతే మీరు, నేను, మీ అబ్బాయి ముగ్గురం కలిసినా తిరిగి పెట్టలేం, వాళ్లే రావాలి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కి ల్యాండ్‌లైన్ ఉంటే అది కూడా మూగబోతుంది. మీది ఏపీ ఫైబర్‌నెట్ అయితే టీవీ, ఫోన్, నెట్ మూడూ ఆ లైను మీదే నడుస్తాయి, ఇంట్లో సీరియల్ టైముకి ఆగిపోతే ఆ మాటలు మీరే పడాలి. ఇంకో మాట, ఆ పసుపు తీగని వంచడం, లాగడం, ఊడదీసి కొన వైపు చూడటం చేయకండి. అందులో వచ్చేది కంటికి కనపడని లేజర్ వెలుగు.

మీరు నొక్కాల్సింది మీ అబ్బాయి కొన్న కొమ్ముల రూటర్. నొక్కే ముందు కేబుల్ ఆయనకి ఫోన్ చేసి 'మా కనెక్షన్ పీపీపీఓఈ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పెట్టు బాబూ, వీలాన్ నంబరు ఏమైనా పెట్టాలా?' అని అడగండి. వీలాన్ అంటే కొన్ని కనెక్షన్లకి రూటర్‌లో అదనంగా కొట్టాల్సిన ఒక అంకె. మీరు నెలనెలా డబ్బు కట్టే కనెక్షన్ వివరాలు అవి, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఆయన 'అది మా డబ్బాలోనే ఉంది, మీ రూటర్‌కి ఏమీ అక్కర్లేదు' అంటే ఇంకా మంచిది, మీ పని సగానికి సగం తగ్గింది. ఈ జవాబు చేతికి రాకముందు మాత్రం నొక్కొద్దు. రూటర్ అడుగున స్టిక్కర్ని కూడా ముందే ఫోటో తీసుకోండి, గోడకి బిగించాక ఆ అక్షరాలు చదవడం మెడనొప్పి.

రీసెట్ రూటర్‌కి కరెంటు ఉన్నప్పుడే చేయాలి. సిమ్ కార్డు తీసే పిన్ను గానీ, సాగదీసిన జెమ్ క్లిప్ గానీ బెజ్జంలో పెడితే లోపల మెత్తగా ఒక బటన్ తగులుతుంది. దాన్ని పది సెకన్ల దాకా వదలకుండా నొక్కి ఉంచండి. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరడమో, అన్నీ కలిసి మినుకుమనడమో జరుగుతుంది. అప్పుడు వదలండి. టక్కున నొక్కి తీసేస్తే ఏమీ కాదు. కొన్ని మోడళ్లలో రీసెట్‌కి బెజ్జం ఉండదు, డబ్ల్యూపీఎస్ అని రాసిన బటనే ఎక్కువసేపు నొక్కితే రీసెట్ అవుతుంది. వదిలాక రెండు మూడు నిమిషాలు దాన్ని కదపకండి, 'ఇంకా రాలేదేంటి' అని ప్లగ్ పీకొద్దు. అమెరికా వీడియో కాల్ నడుస్తుంటే అది మొబైల్ డేటా మీద ఉండాలి, వైఫై మీద ఉంటే సరిగ్గా ఆ క్షణంలో అబ్బాయి మాయమైపోతాడు.

రూటర్ లేచాక వైఫై పేరు మారిపోయి ఉంటుంది, స్టిక్కర్ మీదున్న పేరు, పాస్‌వర్డ్‌తో వస్తుంది. ఫోన్‌ని దానికి కలపండి. 'ఇందులో ఇంటర్నెట్ లేదు, ఉండాలా వద్దా' అంటే ఉండమనండి. స్టిక్కర్ మీద రాసిన చిరునామా అడ్రస్ పట్టీలో కొడితే రూటర్ కొత్తగా పరిచయం చేసుకుంటుంది. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టమంటుంది, తర్వాత కనెక్షన్ రకం. కేబుల్ ఆయన పంపిన వివరాలుంటే పీపీపీఓఈ ఎంచుకుని అవి కొట్టండి. అక్కర్లేదని ఉంటే డైనమిక్ ఐపీ. ఇంటర్నెట్ లైటు పచ్చగా వెలిగిందా, గెలిచారు. వెలగకపోతే యూజర్ ఐడీలో చివర ఉండే యాట్ గుర్తు, దాని తర్వాతి అక్షరాలు వదిలేశారేమో చూడండి, ఎక్కువమంది తప్పేది అక్కడే.

ఇక కొత్త వైఫై పేరు, పాస్‌వర్డ్. మామూలుగా రీసెట్ చేసిన వాళ్లకి నేను చెప్పేది పాత పేరు, పాత పాస్‌వర్డే మళ్లీ పెట్టేయమని. పక్షి ఈక కూడా కదలకుండా ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ వాటంతటవే కలిసిపోతాయి. మీ విషయంలో అది కుదరదు, కుర్రాళ్ల ఫోన్లు కూడా అలాగే కలిసిపోతాయి కాబట్టి. కొత్తదే పెట్టాలి. గేటు కెమెరాతో కాస్త కుస్తీ తప్పదు. దాని యాప్‌లోనే వైఫై మార్చే వీలుంటే సరే, లేకపోతే కెమెరాని కూడా రీసెట్ చేసి మళ్లీ కలపాలి. కెమెరాలు ఎక్కువగా 2.4 వైఫైనే పట్టుకుంటాయి, 5 దాంట్లో వెతికితే దొరకవు.

పాస్‌వర్డ్‌కి కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి, 63 దాకా పెట్టుకోవచ్చు. మీ ఫోన్ నంబరు వద్దు. టెక్నీషియన్లు వచ్చినప్పుడు అందరికీ అదే పెట్టి పోతారు, ఊళ్లో ఎవరి వైఫై అయినా వాళ్ల ఫోన్ నంబరు తెలిస్తే తెరుచుకుంటుంది. గట్టిగా ఉండటానికి వింత గుర్తులు అక్కర్లేదు, పొడుగు ఉంటే చాలు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు, గోంగూర, సైకిల్, తుఫాను, చొక్కా, ఇలా ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే మీరు మర్చిపోరు, ఇంకొకరు ఊహించలేరు. ఇవే పెట్టకండి, ఇప్పుడు పేపర్లో పడ్డాయి. కాగితం మీద రాయకూడదని కొందరు చెబుతారు. బ్యాంకు పిన్‌కి అది నిజం. ఇంటి వైఫైకి నేను ఒప్పుకోను. మీ ఇంట్లోకి వచ్చిన దొంగకి వైఫై పాస్‌వర్డ్ కన్నా కావాల్సినవి చాలా ఉంటాయి. అడ్మిన్ పాస్‌వర్డ్, పీపీపీఓఈ వివరాలు, స్టిక్కర్ ఫోటో ప్రింటు మూడూ గ్యాస్ బుక్కు పెట్టుకునే కవర్లో పెట్టేయండి. అబ్బాయికి కూడా ఒక ఫోటో పంపండి.

కేబుల్ ఆయన ఐదు వందల సంగతి. ఆయన డబ్బా పాడైతే బాగు చేయడం ఆయన పని, దానికి విడిగా అడగడం నాకైతే న్యాయం అనిపించదు. మీ సొంత రూటర్‌ని సెట్ చేయడం వేరే పని, దానికి కూలి అడగడంలో తప్పులేదు, ఎంతన్నది బేరమాడుకోండి. ఇవన్నీ మీవల్ల కాదనిపిస్తే పిలిపించడమే మేలు. కానీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఏం కొడుతున్నాడో రాయించుకోండి. వైఫై పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టే చోటికి రాగానే ఫోన్ మీ చేతికి తీసుకుని మీరే కొట్టండి.

చివరిగా పక్కింటి కుర్రాళ్లు. పాస్‌వర్డ్ మార్చే ముందు అడ్మిన్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ అన్న చోట చూడండి, ప్రస్తుతం కలిసి ఉన్న ఫోన్ల పేర్లు, కొన్నిసార్లు మోడళ్లతో సహా, కనపడతాయి. మీ ఇంట్లోవి లెక్క తీసేస్తే మిగిలినవి ఎవరివో తెలుస్తుంది. అక్కడే బ్లాక్ అన్న బటన్ ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ గుర్తింపు నంబరు మార్చి చెప్పగలవు, బ్లాక్ చేసిన ఫోనే ఇంకో పేరుతో వచ్చి కూర్చుంటుంది. పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే గట్టి పని. ఇది పిసినారితనం అని కూడా అనుకోకండి. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకి కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఒకరి ఇంటి వైఫై నుంచి వెళ్లింది. దానికి సరైన రక్షణ లేదు. ఎవరో వాడుకుని పోయారు, పోలీసులు వెళ్లి తట్టింది మాత్రం ఆ ఇంటి తలుపు. మీ పేరు మీదున్న కనెక్షన్‌లో ఎవరేం చేసినా మొదట అడిగేది మిమ్మల్నే.

మేడ మీదకి కొత్తగా అద్దెకి వచ్చేవాళ్లకి అసలు పాస్‌వర్డ్ చెప్పకండి. రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి అది ఇవ్వండి. వాళ్లు ఖాళీ చేసిన రోజు కరెంటు మీటరు రీడింగ్ చూసుకునేటప్పుడే దాన్ని మార్చేస్తే సరి, మీ టీవీ, కెమెరా ఏవీ కదలవు.

ఆ కుర్రాళ్లని పిలిచి నిలదీయాలా అంటే, వద్దనే అంటాను. ఒకసారి పాస్‌వర్డ్ తెలిసిన ఫోన్ ఆ వైఫై అందే దూరంలోకి వస్తే తనంతట తనే కలిసిపోతుంది. వాళ్లకే తెలియకపోవచ్చు. మీరు చప్పుడు చేయకుండా పాస్‌వర్డ్ మార్చేసి ఊరుకోండి. రెండు రోజుల్లో వాళ్లే వచ్చి 'మాస్టారూ, వైఫై రావట్లేదేంటండీ' అని అడిగారంటే మీ అనుమానం నిజమే. ఏం జవాబు చెప్పాలో అది మీ ఇష్టం.